వరి మడి లేఅవుట్‌లో జీ ప్లస్ టూ: స్ట్రక్చరల్ ఇంజినీరు కావాలా, మేస్త్రి మాట చాలా?

బలగ_బాబు
శ్రీకాకుళం శివారులో 200 గజాల స్థలం, 30 బై 60, తూర్పు రోడ్డు. లేఅవుట్ వెయ్యకముందు అది వరి మడి, పైన గ్రావెల్ తోలి చదును చేసారు. జీ ప్లస్ టూ, అంటే కింద ఒకటి, పైన రెండు అంతస్తులు అనుకుంటున్నాం. అంతస్తుకి సుమారు 1,200 చదరపు అడుగులు, పిల్లర్లు 15. పక్కలకి మీటరు సెట్‌బ్యాకు. ప్లాను ఎల్టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్) గారు గీసి అప్రూవల్‌కి పెట్టేసారు. కాంట్రాక్టరేమో "9 బై 12 అంగుళాల పిల్లరు, ఆరు 12 ఎంఎం ఊచలు, 5 అడుగుల గొయ్యి, పిల్లరు కింద 5 బై 5 అడుగుల పునాది దిమ్మ, అదే పుటింగు. ఊరంతా ఇదే. ఇంజినీరు ఫీజు దండగ" అంటున్నాడు. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుని కలిస్తే మట్టి పరీక్ష రిపోర్టు లేకుండా గీత కూడా గియ్యనన్నారు. ఎవరి మాట వినాలి? ఇంజినీరుని పెట్టుకుంటే ఏం చూసి పెట్టుకోవాలి, ఏమేం రాయించుకోవాలి?

సెంట్రింగ్_సింహాచలం
ఊళ్ళో సగం ఇళ్ళు 9 బై 12 మీదే నిలబడ్డాయి బాబూ, ఒక్కటైనా పడిపోయిందేటి? జీ ప్లస్ వన్‌కయితే నేనూ అదే అంటాను. కాకపోతే మీది మూడు స్లాబులు, పైగా వరి మడి. మట్టి మాత్రం చూసుకోండి.

గంటస్తంభం
ఎల్టీపీ గారూ ఇంజినీరే కదా. ప్లానులో పిల్లర్లు కూడా ఆయనే గుర్తు పెట్టారు. మళ్ళీ ఇంకో ఇంజినీరెందుకు? విజయనగరంలో చాలామంది ఆ ప్లాను పట్టుకునే కట్టేస్తన్నారు.

కాగితం_పులి
@గంటస్తంభం, అప్రూవల్ ప్లాను మున్సిపాలిటీకో సుడాకో (శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ) చూపించే కాగితం. సెట్‌బ్యాకు ఎంత, ఎత్తు ఎంత, రోడ్డు వెడల్పెంత, గదుల కొలతలేంటి, అక్కడితో దాని పని అయిపోతుంది. పిల్లరు ఉండాల్సిన చోట ఒక నల్ల చదరం కనపడుతుంది. దాని లోపల ఎన్ని ఊచలో, కింద ఫుటింగు ఎంతో ఆ కాగితంలో వెతికినా దొరకదు. కొందరు ఎల్టీపీలు స్ట్రక్చరల్ కూడా చేస్తారు, కొందరు బయట చేయించి ఇస్తారు. రెండూ తప్పు కాదు. "లెక్క చేసినవారి పేరు, సంతకం, లైసెన్సు నంబరు డ్రాయింగు మీద ఉంటాయా" అని ఒక్క మాట అడగండి. నీళ్ళు నమిలితే ఆ పని అక్కడ జరగట్లేదనే.

ఊచల_లెక్క
సింహాచలం గారూ, ఇల్లు పడిపోకపోవడం వేరు, లెక్కకి నిలవడం వేరు. బలగ_బాబు గారి అంకెలే తీసుకుందాం.

మధ్య వరసలో లోపలి పిల్లరు ఒక్కొక్కటీ దాదాపు 12 బై 12 అడుగుల జాగా మోస్తుందనుకోండి. అంటే 13.4 చదరపు మీటర్లు. స్లాబు, బీములు, గోడలు, ఫ్లోరింగు, మనుషులు, సామాను అంతా కలిపి చదరపు మీటరుకి 1.2 టన్నులు వేస్తే అంతస్తుకి 16 టన్నులు. మూడు స్లాబులకి 48. నేల మట్టం దగ్గర పిల్లర్లని కలిపే ప్లింతు బీముతో కలిపి 50 అనుకోండి.

ఇప్పుడు ఆ 9 బై 12 పిల్లరు. ఎం20 కాంక్రీటు, ఆరు 12 ఎంఎం ఎఫ్ఈ 500 ఊచలు (ఎం20, ఎఫ్ఈ 500 అన్నవి బలం గ్రేడులు). మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 సూత్రంలో వేస్తే 77 టన్నులు వస్తుంది, భద్రత కోసం 1.5తో భాగిస్తే 51. మోయాల్సింది 50, మోయగలిగింది 51. అదీ బరువు పిల్లరు నడిమధ్యన పడితేనే, కాంక్రీటు నిజంగా ఎం20 వస్తేనే. ఒక పక్క బీము పొడుగు, ఇంకో పక్క పొట్టి అయితే పిల్లరు వంగడానికి చూస్తుంది. గాలికీ అంతే. ఆ వంపు ఈ లెక్కలో లేదు. ఈ సూత్రం వాడటానికి కోడ్ పెట్టిన షరతుకి కూడా 9 అంగుళాల పక్క నిలవదు. బరువు నడిమధ్య నుంచి కనీసం 20 మి.మీ. పక్కకి పడ్డట్టు చూడాలి, ఈ సూత్రం 11.5 వరకే ఒప్పుకుంటుంది. అంటే నిజమైన బలం 51 కన్నా తక్కువే.

అదే 9 బై 18 చేసి ఎం25 కాంక్రీటు, ఎనిమిది 12 ఎంఎం వేస్తే అదే సూత్రంలో 88 టన్నులు. వంపుకి చోటు మిగిలింది.

ఇక ఫుటింగు. 50 టన్నులకి ఫుటింగు సొంత బరువు ఒక పదో వంతు కలిపితే 55. నేల చదరపు మీటరుకి 20 టన్నులు మోస్తే అయిదున్నర అడుగుల చదరం చాలు. 10 మాత్రమే మోస్తే దాదాపు ఏడు ముప్పావు అడుగులు కావాలి. కాంట్రాక్టరు చెప్పిన 5 బై 5 కింద నేల మీద చదరపు మీటరుకి దాదాపు 24 టన్నులు పడుతుంది. వరి మడి మీద 24 అండీ! ఆ ఇంజినీరు రిపోర్టు లేకుండా గీత గియ్యనన్నారంటే ఆయన్నే పెట్టుకోండి.

పైడితల్లి_బిడ్డ
కాంట్రాక్టర్ల దగ్గరా మట్టి పరీక్ష ఉంది. గోతిలో దిగి మడమతో రెండు తన్నులు తన్ని "గట్టిగా ఉంది సార్" అనడం.

సెంట్రింగ్_సింహాచలం
నవ్వకండి గాని, గునపం దింపితే అనుభవం ఉన్నోడికి తెలిసిపోద్ది. లెక్క ఒప్పుకుంటాను, మూడు స్లాబులకి 9 బై 12 చాలదు. సొంత ఇంటికి మట్టి పరీక్షకని మిషను తెచ్చి బోరు వెయ్యడం మాత్రం అతి అనిపిస్తంది.

గజపతినగరం_గ్రావెల్
గునపమూ పరీక్షే. కాకపోతే పద్ధతైన పరీక్షలో సుత్తి 63.5 కేజీలు, పడే ఎత్తు 75 సెంటీమీటర్లు, చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్క రాస్తారు. ఆ లెక్కనే ఎన్ విలువ అంటారు. గునపానికి ఈ మూడూ ఉండవు, పైగా గునపం పొడుగు 5 అడుగులు. ఆ కిందేముందో చెప్పదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎర్రనేల, కంకర కలిసిన నేల, కుళ్ళిన కొండరాయి పైపైనే తగిలే చోట్లు చాలా ఉన్నాయి. అలాంటిచోట జీ ప్లస్ వన్‌కి ఒక గొయ్యి తవ్వి ఇంజినీరు కళ్ళతో చూస్తే సరిపోవచ్చు. వరి మడి, చెరువు గర్భం, ఏటి ఒడ్డు, నల్లమట్టి, ఈ నాలుగింట్లో ఏదున్నా బోరు తప్పదు. లేఅవుట్ మడిలో జరిగేది ఇదీ: పైన నాలుగైదు అడుగుల గ్రావెల్ తోలుతారు, రోలరు తిప్పుతారు. తవ్వితే గట్టి గ్రావెల్ తగిలి మేస్త్రి సంబరపడతాడు. దాని కింద పాత మడి బంకమట్టి అలాగే ఉంటుంది. ఫుటింగు ఆ గ్రావెల్ మీదో, ఇంకా ఘోరంగా సరిగ్గా బంకమట్టి మొదలయ్యే చోటో కూర్చుంటుంది. ఇల్లు లేచేదాకా ఏమీ కనపడదు. రెండు వానాకాలాలు పోయాక కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్ళు.

మీ స్థలానికి రెండు బోర్లు, ఎదురెదురు మూలల్లో. లోతు కనీసం 6 మీటర్లు, లేదా గట్టి నేల తగిలి అందులో మీటరున్నర దిగేదాకా. ప్రతి మీటరున్నరకీ, మట్టి మారిన ప్రతిచోటా ఎన్ విలువ. నీళ్ళ మట్టం. బంకమట్టి అయితే తడిస్తే ఎంత ఉబ్బుతుందో చూసే ఫ్రీ స్వెల్ పరీక్ష, అది 50 శాతం దాటితే ఉబ్బే నేల కింద లెక్క, కథ మారిపోతుంది. రిపోర్టులో "ఫలానా లోతులో, ఫలానా వెడల్పు ఫుటింగుకి, ఇన్ని టన్నులు" అని ఉండాలి. లోతు చెప్పకుండా వట్టి టన్నులు రాసిన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకోడానికే.

గంటస్తంభం
ల్యాబు ఎక్కడ?

గజపతినగరం_గ్రావెల్
సివిల్ బ్రాంచి ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో అడగండి, బయటి పనులు తీసుకునేవి ఉంటాయి. విశాఖలో ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. బోరు వేసే రోజు మీరో, మీ ఇంజినీరో దగ్గరుండాలి. దెబ్బల లెక్క ఆఫీసులో కూర్చుని కూడా రాయొచ్చు మరి.

టెక్కలి_గ్రానైట్
@ఊచల_లెక్క, 9 బై 18 అన్నారు. భూకంపాల కోడ్ ఐఎస్ 13920లో పిల్లరు ఏ పక్కా 300 మి.మీ.కి తగ్గకూడదని ఉంది కదా? 9 అంగుళాలంటే 230. కోడ్ తెలిసినవాళ్ళే ఇలా రాస్తే ఎలా?

ఊచల_లెక్క
ఆ కోడ్ 3, 4, 5 భూకంప జోన్లకి తప్పనిసరి. 2016 ఐఎస్ 1893 మ్యాపులో శ్రీకాకుళం, విజయనగరం రెండో జోను, జోన్ ఫ్యాక్టరు 0.10. కాబట్టి ఇక్కడ 9 అంగుళాల పిల్లరు నేరమేమీ కాదు. 12 వేస్తే మంచిదే, నేనేం కాదనను. 9 అంగుళాల గోడలోంచి 3 అంగుళాల పిల్లరు ముక్కు బయటికొస్తుంది, బీరువా గోడకి ఆనదు, ఇంటావిడ ఒప్పుకోరు. అంతే తేడా. ఆ కోడ్‌లోంచి రెండో జోనులోనూ నేను తెచ్చుకునేది ఒకటుంది, పిల్లరు ఊచల చుట్టూ కట్టే రింగు కొక్కెం. 90 కాదు, 135 డిగ్రీలు లోపలికి వంచాలి.

సెంట్రింగ్_సింహాచలం
135 అంటే ఊచలు కట్టేవాళ్ళు రేటు పెంచుతారు. ముందే మాట్లాడుకోవాలి.

టెక్కలి_గ్రానైట్
బీరువా కోడ్ ఒకటుందని తెలీదు. ఒప్పుకున్నాను.

ఉద్దానం_కొబ్బరి
భూకంపం మాటెందుకు, మనకి తుపాను చాలదూ? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. ఐఎస్ 875 మూడో భాగంలో మన తీరానికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఇంజినీరుని "గాలి ఎంత తీసుకున్నారు" అని అడగండి. చెప్పలేకపోతే అడుగు వెనక్కి వెయ్యండి.

రెండు మూడు అంతస్తుల మామూలు ఇంటికి పిల్లర్లని గాలి పెద్దగా ఏం చెయ్యదు. ఎగిరిపోయేవి పైన ఉంటాయి. పిల్లరు లేకుండా పొడుగ్గా లేపిన పిట్టగోడ, మెట్ల గది మీద రేకులు, నాలుగు ఇటుక దిమ్మల మీద పెట్టిన నీళ్ళ ట్యాంకు. పిట్టగోడకి మధ్యమధ్య చిన్న పిల్లర్లు, పైన కోపింగ్ బీము డ్రాయింగులో ఉండాలి.

బారువ, భావనపాడు, కళింగపట్నం, అటు చింతపల్లి, ఇలా సముద్రం దగ్గరి ఊళ్ళయితే ఇంకోటి. ఉప్పుగాలి తగిలే కాంక్రీటుకి కోడ్ ప్రకారం ఎం30, నీళ్ళు సిమెంటు నిష్పత్తి 0.45, ఊచ మీద కాంక్రీటు మందం, అంటే కవరు, 45 మి.మీ. శ్రీకాకుళం ఊళ్ళో అంత అక్కర్లేదు. బోరు నీళ్ళు మాత్రం ఎక్కడైనా పరీక్ష చేయించండి, ఆర్‌సీసీకి క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పగా ఉన్న నీళ్ళతో క్యూరింగూ వద్దు.

బలగ_బాబు
సరే, ఇంజినీరు కావాలి, ఒప్పేసుకున్నాను. కాంట్రాక్టరు ఇప్పుడు కొత్త పాట అందుకున్నాడు: "నా ఇంజినీరు ఉన్నారు, ఆయన చేత ఫ్రీగా గీయిస్తాను." ఇంటర్నెట్‌లో ప్లాను పంపితే రెండు రోజుల్లో డ్రాయింగులిచ్చేవాళ్ళూ కనిపిస్తున్నారు, సగం ధరకే.

పైడితల్లి_బిడ్డ
ఫ్రీ అన్న ఇంజినీరు జీతం మీ సిమెంటు బస్తాల్లోంచే వెళ్తుంది.

కాగితం_పులి
కాంట్రాక్టరు మనిషి కాంట్రాక్టరు తప్పు పట్టడు, ఇది మనిషి మంచిచెడుల సంగతి కాదు, డబ్బు ఎవరిస్తే మాట వాళ్ళకి. ఇంజినీరుని మీరే పెట్టుకోండి, ఫీజు మీరే నేరుగా ఇవ్వండి.

ఇంటర్నెట్ డ్రాయింగుల చివర చిన్న అక్షరాలు చదవండి. "నేల బలం 20 టన్నులు అనుకున్నాము, సైటులో సరిచూసుకోవాలి" అని ఉంటుంది. పైన ఊచల_లెక్క గారు 20కీ 10కీ తేడా చూపించేసారు. లెక్క వాళ్ళ కంప్యూటరు సరిగ్గానే చేస్తుంది, మీ మట్టి దానికి తెలీదు.

మీరు చేతికి తీసుకోవాల్సినవి: పిల్లర్ల సెంటర్ లైను డ్రాయింగు, ఫుటింగుల పట్టిక, పిల్లర్ల పట్టిక అంతస్తు వారీగా, ప్లింతు బీములు, ప్రతి స్లాబుకీ బీముల డ్రాయింగు, స్లాబు ఊచల డ్రాయింగు, మెట్లు, లింటలు సన్‌షేడు, సంపు, పైట్యాంకు, పిట్టగోడ. వీటితో పాటు సాధారణ సూచనల పేజీ ఒకటి, కాంక్రీటు ఏ గ్రేడు, ఊచలు ఏ గ్రేడు, దేనికెంత కవరు, ఊచకి ఊచ కలిపేచోట ల్యాపు ఎంత, సెంట్రింగు ఎప్పుడు విప్పాలి. ఊచల పట్టిక, దాన్నే బీబీఎస్ అంటారు, అది కూడా ఫీజులోనే ఉందో లేదో అడగండి. అది చేతిలో ఉంటే ఇనుము కొట్టు బిల్లు సరిచూసుకోవచ్చు. 12 ఎంఎం ఊచ 12 మీటర్లది దాదాపు 10.65 కేజీలు, 16 ఎంఎం 19, 8 ఎంఎం 4.75. నాలుగు ఊచలు కాటా వేస్తే తెలిసిపోతుంది.

ఫీజు అడుగుకింత అంటారు. ఏ అడుగులు? మెట్ల గది, సంపు, పోర్టికో కలుస్తాయా? మధ్యలో ప్లాను మారిస్తే మళ్ళీ ఎంత? సైటుకి ఎన్నిసార్లు వస్తారు, పై రాకపోకలకి ఎంత? ఇవన్నీ ఒక కాగితం మీద. డబ్బు మూడు ముక్కలు: పునాది డ్రాయింగులు వచ్చాక ఒకటి, మిగతావన్నీ వచ్చాక ఒకటి, ఆఖరి స్లాబు పోసేముందు ఆయన చూసి ఓకే అన్నాక మూడోది. మొత్తం ముందే ఇచ్చేస్తే మూడో స్లాబు నాటికి ఫోను "అందుబాటులో లేదు" అంటుంది.

గంటస్తంభం
ఇంజినీర్లలోనూ ఇనుము దట్టించేవాళ్ళున్నారు. భయపడి రెట్టింపు వేసేస్తారు, సంతకం పెట్టేది వాళ్ళు, బిల్లు కట్టేది మనం.

ఊచల_లెక్క
నిజమే. అందుకే గీసాక ఒక ప్రశ్న వెయ్యండి: "అడుగుకి ఇనుము ఎన్ని కేజీలు పడింది?" ఇలాంటి ఇంటికి మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య వస్తే మామూలు. ఆరు వచ్చిందంటే ఎందుకో చెప్పాలి. పిల్లరు లేని పెద్ద హాలు కావాలన్నారేమో, కింది పిల్లరు మీద కాకుండా బీము మీద పై పిల్లరు లేపారేమో. కారణం లేకపోతే అది భయం. అడుగుకి ఒక్క కేజీ ఎక్కువైతే మీ 3,600 అడుగులకి 3,600 కేజీలు. కేజీ 60 వేసుకున్నా 2,16,000. ఆ డబ్బులోంచి ఇంజినీరు ఫీజూ మట్టి పరీక్షా రెండూ పోయినా మిగులుతుంది. రెండుకి తగ్గిందంటే అదింకా ప్రమాదం.

గజపతినగరం_గ్రావెల్
ఇది ప్రింటు తీసి కాంట్రాక్టరు గోడకి అంటించండి.

పైడితల్లి_బిడ్డ
అందరూ ఒకటి మర్చిపోయారు. వాస్తు! డ్రాయింగులన్నీ అయ్యాక పెద్దవాళ్ళు ఒకర్ని తీసుకొస్తారు, ఆయన "మెట్లు ఇక్కడొద్దు, నైరుతికి జరపండి" అంటారు. మెట్లతో పాటు రెండు బీములు, ఒక పిల్లరు జరగాలి. ఫుటింగు అప్పటికే పోసేసారు. అప్పుడు బీము మీద పిల్లరు పుట్టేది ఇలాగే.

కాగితం_పులి
@పైడితల్లి_బిడ్డ, జోకు కాదు, వరస అదే. ముందు వాస్తు, తర్వాత ప్లాను, తర్వాత మట్టి, తర్వాత స్ట్రక్చరు, ఆ తర్వాతే కాంట్రాక్టరుతో అగ్రిమెంటు. మన దగ్గర అగ్రిమెంటు ముందయిపోతుంది. 5 అడుగుల గొయ్యికి రేటు ఒప్పుకున్నాక ఇంజినీరు 9 అడుగులంటే గొడవ ఇంజినీరు మీద పడుతుంది.

సెంట్రింగ్_సింహాచలం
ఇంతసేపూ కాగితాలే మాట్లాడారు. డ్రాయింగు ఎంత బాగున్నా సైటులో తేడా వస్తే ఏం లాభం? ఇంజినీరు గారు ఎప్పుడెప్పుడు రావాలో నే చెప్తాను, తప్పు జరిగేచోట్లు మాకే బాగా తెలుసు.

గొయ్యి అడుక్కి వచ్చాక, పీసీసీ, అంటే ఊచల్లేని అడుగు కాంక్రీటు, వెయ్యకముందు. పిల్లరు ఊచలు నిలబెట్టాక, పుటింగు పొయ్యకముందు. చాలాచోట్ల ఊచ సెంటరు తప్పేది ఇక్కడే. రెండంగుళాలు తప్పిందని తర్వాత సుత్తెతో కొట్టి వంచుతారు, అది మహా తప్పు. ప్లింతు బీము ముందు. ప్రతి స్లాబుకి ముందు రోజు, పోసే రోజు పొద్దున కాదు. పొద్దున అయితే మిక్సరు, నలభైమంది కూలీలు నిలబడుంటారు, తప్పు కనపడినా "ఈసారికి కానిచ్చేయండి" అంటారు.

పిల్లరు, బీము కలిసేచోట రింగులుండవు. కట్టడం కష్టం, అందుకని వదిలేస్తారు. బాల్కనీ ఊచ పైన ఉండాలి, కూలీలు తొక్కి తొక్కి అడుక్కి పోద్ది. కింద కుర్చీలు, అంటే ఊచని పైకి ఎత్తి పట్టే ఇనుప ముక్కలు, పెట్టలేదంటే గ్యారంటీగా పోద్ది. కరెంటు పైపులు పదీ పన్నెండూ ఒక్కచోట కట్ట కట్టి స్లాబులోంచి పిల్లరు పక్కకి దించుతారు. ఆఖరికి ప్లంబరు వచ్చి బీముకి బొక్క కొడతాడు.

ఊచల_లెక్క
సింహాచలం గారి పోస్టు ఈ చర్చలో అన్నిటికన్నా విలువైనది. బాల్కనీకి రెండంకెలు కలుపుతాను: 4 అడుగులు ముందుకొస్తే ఊచ వెనక్కి కనీసం 6 అడుగులు లోపలికి వెళ్ళాలి. స్లాబు మందం మొదట్లో స్పాన్‌లో, అంటే ముందుకొచ్చిన పొడుగులో, ఏడో వంతు, అంటే దాదాపు 7 అంగుళాలు అన్నది మొదటి లెక్క, ఊచ శాతం చూసి కాస్త తగ్గించొచ్చు. పిల్లరు రింగుల దూరం 12 ఎంఎం ఊచకి 16 రెట్లు, 192 మి.మీ. టేపు పెడితే ఏడున్నర అంగుళాలు. చాలా సైట్లలో 9 కనపడుతుంది. ల్యాపు ఎం25కి దాదాపు 50 రెట్లు, 12 ఎంఎంకి 600, 16 ఎంఎంకి 800. అన్ని ఊచలకీ ఒకే ఎత్తులో ల్యాపు వద్దు.

టెక్కలి_గ్రానైట్
ఎం25 డబ్బాలతో కొలిచి కలిపితే రాదు. 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర) అనేది ఎం20 వరకే, కోడ్ కూడా అంతవరకే ఒప్పుకుంటుంది. ఎం25కి మిక్సు డిజైను కావాలి, లేదా ప్లాంటులో కలిపి తెచ్చే ఆర్‌ఎంసీ. ఎం20 అయినా బస్తాకి నీళ్ళు 25 లీటర్లు దాటనివ్వకండి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మిక్సరు దగ్గర పైపు పట్టుకున్నవాడే అసలు ఇంజినీరు. వాడి చేతికి బకెట్టు ఇచ్చి పైపు లాక్కోండి.

కాంక్రీటు బలం పరీక్షకి పోసే క్యూబులు 150 మి.మీ.వి. స్లాబు, బీములు కలిసి 15 ఘనమీటర్లు దాటితే మూడు శాంపిళ్ళు, శాంపిలుకి మూడు క్యూబులు. 7 రోజులకి చూడాలంటే ఇంకో మూడు పోయండి. అప్పటికి మూడింట రెండొంతులు వస్తే దారిలో ఉన్నట్టు.

ఉద్దానం_కొబ్బరి
పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు) గానీ స్లాగ్ సిమెంటు గానీ అయితే క్యూరింగ్ 10 రోజులకి తగ్గకూడదు, ఎండల్లో 14. బీముల కింద ఆనించిన పోట్లు 14 రోజుల ముందు తియ్యకండి. ఆఖరి స్లాబు మీద "మళ్ళీ ఎప్పుడైనా ఇంకో అంతస్తు" అని పిల్లరు ఊచలు వదిలేస్తారు. అవి మన గాలికి తుప్పు పట్టి సగమవుతాయి. వదిలితే సన్న కాంక్రీటుతో కప్పెయ్యాలి. ముఖ్యంగా ఆ అంతస్తు సంగతి ఇంజినీరుకి ఇప్పుడే చెప్పాలి, ఫుటింగు ఆ బరువుకి కూడా లెక్కెయ్యాలి కదా.

బలగ_బాబు
మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. పైనుంచి 1.4 మీటర్లు తోలిన గ్రావెల్. 1.4 నుంచి 2.6 వరకు మెత్తటి బంకమట్టి, ఎన్ విలువ 3. ఆ కింద కంకర కలిసిన గట్టి నేల, ఎన్ 24. నీళ్ళు 2.2 దగ్గర. ఫుటింగు 2.8 మీటర్ల లోతులో, చదరపు మీటరుకి 18 టన్నులు. ఇంజినీరు గారు మూడు సైజులు ఇచ్చారు: లోపలి 3 పిల్లర్లకి 1.75 మీటర్లు, అంచు 8కి 1.4, మూలల 4కి 1.2. పిల్లర్లు 9 బై 18, ప్లింతు కిందకి మాత్రం 12 బై 18. కిందెందుకు లావు?

గజపతినగరం_గ్రావెల్
కాంట్రాక్టరు చెప్పిన 5 అడుగుల గొయ్యి అంటే 1.52 మీటర్లు. గ్రావెల్ దాటి, సరిగ్గా బంకమట్టి నెత్తి మీద.

ఊచల_లెక్క
నేల లోపల కవరు ఎక్కువ కావాలి, పైగా ఫుటింగు నుంచి ప్లింతు దాకా పిల్లరు దాదాపు 3 మీటర్లు ఒంటరిగా నిలబడుతుంది. అందుకే లావు. ఆయన సరిగ్గా చేసారు.

సెంట్రింగ్_సింహాచలం
నీళ్ళు 2.2 దగ్గరున్నాయి, గొయ్యి 2.9. మోటారు పెట్టి తోడాల్సిందే. అక్టోబరు, నవంబరు తుపాన్లలో తవ్వొద్దు, సంక్రాంతి పోయాక మొదలెట్టండి, నీళ్ళూ దిగుతాయి. బంకమట్టి అంచులు నిలవవు, పక్కవాళ్ళ కాంపౌండు గోడ వైపు ఒక్కో గొయ్యే తవ్వి పోసుకుంటూ పొండి, అన్నీ ఒక్కసారి తెరవకండి. అడుక్కి వచ్చిన రోజే పీసీసీ పడిపోవాలి, రాత్రికి వదిలేస్తే పొద్దున్నకి జావ. వెనక్కి పూడ్చేటప్పుడు ఆ బంకమట్టి వెయ్యొద్దు, గ్రావెల్ 9 అంగుళాల పొరలుగా, నీళ్ళు పోసి దిమ్మిస. లేకపోతే రేపు పార్కింగు ఫ్లోరు కుంగిపోద్ది.

బలగ_బాబు
కాంట్రాక్టరు తవ్వకానికి "ఎక్స్‌ట్రా మూడింతలు" అంటున్నాడు. దోపిడీయేనా?

కాగితం_పులి
లెక్క వేద్దాం. చుట్టూ అడుగు పని జాగాతో, 2.9 లోతుకి: లోపలివి 3 కలిసి 48 ఘనమీటర్లు, అంచువి 8 కలిసి 93, మూలలవి 4 కలిసి 37. మొత్తం 178. ఆయన మొదటి 5 బై 5 బై 5 గోతులు 15 కలిపి 53. మూడు రెట్ల మీదే ఉంది, అంచులు వాలుగా తవ్వితే ఇంకా పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో ఆయన న్యాయంగానే అడిగారు. "మూడింతలు" అని మాత్రం రాయకండి, ఘనమీటరుకి ఇంత అని రాసి, టేపు పట్టి కొలిచి ఇవ్వండి. నీళ్ళు తోడే ఖర్చు వేరే లైను.

బలగ_బాబు
జేసీబీ గంటకి మాట్లాడుకుంటే?

సెంట్రింగ్_సింహాచలం
గంటకయితే డ్రైవరు టీ తాగిన గంట కూడా మీ లెక్కే. ఘనమీటరుకే మాట్లాడండి. ఆఖరి అర అడుగు మాత్రం జేసీబీ పళ్ళతో కాదు, పారతో తవ్వించండి, అడుగు నేల గుల్లబారకుండా ఉంటాది. ఆ పార కూలీ మాత్రం విడిగా ఇవ్వాలి.